గొంగడి నుంచి కోక దాకా

ఒకే ప్రాణికి మన తెలుగులో రెండు పేర్లున్నాయి. ఆకు మీద పాకుతున్నప్పుడు దాన్ని గొంగళి పురుగు అంటాం. రెక్కలొచ్చి పూల మీద వాలినప్పుడు సీతాకోకచిలుక అంటాం. ఈ రెండు మాటల్ని ఒకసారి పక్కపక్కన పెట్టి వినండి. రెండింట్లోనూ ఒక బట్ట దాగి ఉంది. గొంగళి అంటే మన పాలమూరు పల్లెల్లో గొల్లకురుమల భుజాన కనిపించే గొంగడి. నల్ల గొర్రెల ఉన్ని వడికి నేసిన ముతక కంబళి. కోక అంటే చీర. పురుగు ఒంటి మీద నూగు చూసి గొంగడి అన్నారు, చిలుక రెక్కల మీద రంగులు చూసి కోక అన్నారు. ఈ పేర్లు పెట్టినవాళ్లెవరో మనకు తెలియదు గాని, మగ్గం చప్పుడు వింటూ బతికినవాళ్లై ఉంటారని అనిపిస్తుంది. వాళ్లు పురుగును వట్టి పురుగుగా వదిలేయలేదు. చిలుకకు చీర కట్టినట్టే పురుగుకూ గొంగడి కప్పారు. గొంగడి తక్కువ బట్ట కాదు. వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పరుపు, ఎండలో నీడ అదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల శ్రోతలకు ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

ఈ పాత చూపును ఇవాళ మనం పోగొట్టుకున్నామన్నది నా బాధ. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు తెరిచినా, బడి గోడల మీద రాతలు చూసినా, సీతాకోకచిలుక బొమ్మ తప్పకుండా ఉంటుంది. పురుగులా ఉండిపోకు, చిలుకలా ఎదుగు అని దాని కింద ఒక హితవు. ఆ బొమ్మలో పురుగు ఉంటే ఒక మూల చిన్నగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. గూడు సంగతి అసలే పట్టదు. పురుగు దశను ఒక అవమానంగా, తొందరగా దాటేయవలసిన మురికి వీధిగా చూపిస్తారు. ఇది కీటకం జీవితానికి సంబంధించి తప్పు, మనిషి ఎదుగుదలకు సంబంధించి ఇంకా పెద్ద తప్పు అని నా వాదన. కీటకం రూపాంతరంలో అసలు పని జరిగేది పురుగు దశలోనూ గూటిలోనూ. రెక్కలు ఆ పనికి చివరన వచ్చే ఒక ఫలితం మాత్రమే. దీనికి సాక్ష్యం కోసం ఏ దూరదేశపు అడవికో పోనక్కర్లేదు. గద్వాల చీర అంచులోనే ఉంది.

సంప్రదాయ గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టు ఎవరి చేతి పని? చిలుకది కాదు, పురుగుది. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఆ పురుగు చీమంత కూడా ఉండదు. మల్బరీ ఆకు తప్ప ఇంకో ఆకు ముట్టదు. సుమారు 25 రోజుల్లో దాని బరువు దాదాపు 10,000 రెట్లు పెరుగుతుంది. ఈ లోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచేముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. పట్టు రైతులు ఆ స్థితిని జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క పెట్టుకుంటారు. ఎంత నిజమైన మాట! పెరుగుతున్న ఒళ్లు ఇరుకైన చర్మంలో పడే యాతనకు ఇంతకన్నా మంచి పేరు ఏ శాస్త్రజ్ఞుడూ పెట్టలేదు. నాలుగో జ్వరం దాటాక ఆవురావురుమంటూ తింటుంది. మొత్తం జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి వారం రోజుల్లోనే తింటుంది. తర్వాత దాన్ని చంద్రికలనే వెదురు తడకల మీద వేస్తే, తలను ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పుతూ, రెండు మూడు రోజులు ఆగకుండా ఒకటే పోగు తీస్తుంది. ఆ పోగు పొడవు దాదాపు కిలోమీటరు. అందులోంచి చివరికి వచ్చే చిలుకకు నోరు పనిచేయదు, అది ఏమీ తినదు. వేల ఏళ్లుగా మనుషుల చేతుల్లో పెరిగి పెరిగి ఎగరడం కూడా మరిచిపోయింది. రెక్కలున్నాయి, ఎగరలేదు. జతకట్టి, కొన్ని వందల గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో కన్నుమూస్తుంది. ఈ పురుగును పట్టుకుని ఎవరైనా నువ్వు ఎదగాలి, చిలుకవు కావాలి అని బోధిస్తే అది దేనికోసం ఎదగాలి? లోకానికి అది ఇవ్వగలిగింది పురుగుగా ఉన్నప్పుడే ఇచ్చేసింది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ రావాలి, వచ్చి తీరాలి. మీరు మెచ్చుకుంటున్న ఆ పోగు కోసం గూటిలో ఉన్న ప్రాణిని చంపుతారు కదా, చంపిన దాన్ని చూపించి ఎదుగుదల పాఠం ఎలా చెబుతారు అని. నిజమే. గూడు కట్టిన పది పన్నెండు రోజులకు చిలుక బయటికొస్తుంది. అది దారి చేసుకుంటే పోగు ముక్కలైపోతుంది. అందుకని అంతకుముందే గూళ్లను ఆవిరిలోనో వేడిగాలిలోనో పెట్టి లోపలి ప్రాణాన్ని ఆపేస్తారు. పెళ్లిపీటల మీద మెరిసే ప్రతి పట్టు అంచూ సగంలో ఆగిపోయిన ఒక రూపాంతరమే. ఈ మాట దాచిపెట్టి పట్టు గురించి మాట్లాడటం సరికాదు. చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన మన చేనేత నిపుణుడు కుసుమ రాజయ్య ఈ ప్రశ్ననే పట్టుకుని, చిలుక ఎగిరిపోయాక మిగిలిన గూళ్ల నుంచి పట్టు తీసి అహింసా పట్టు పేరుతో బట్ట నేయించారు. తెగిన పోగును దూదిని వడికినట్టు వడకాలి, అందువల్ల ఆ బట్టకు మామూలు పట్టు తళుకు ఉండదు, ధర ఎక్కువ పడుతుంది. ఆముదం ఆకు తినే ఎరి పట్టుపురుగు గూటికి మాత్రం ఒక కొస తెరిచే ఉంటుంది. చిలుక తన దారిన తాను పోవచ్చు. ఆముదాలకు పేరుపడిన పాలమూరు నేలకు ఆ పురుగు పరాయిది కాదు అనిపిస్తుంది నాకు. అయితే ఈ ఆక్షేపణ నా వాదనను కొట్టేయదు, ఇంకాస్త బిగిస్తుంది. చంపే ఆచారం ఎందుకొచ్చింది? మనిషికి కావలసింది రెక్కలు కాదు, పురుగు పని. ఆ పనికి వెల కట్టి, పని చేసిన ప్రాణిని మరిచిపోవడం మనకు అలవాటైంది. మగ్గం మీద కూర్చున్నవాళ్ల విషయంలోనూ మనం చాలాసార్లు చేసేది ఇదే.

వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో తరచూ వినిపించే కథ ఇంకొకటి ఉంది. గూటిలోంచి బయటికి రావడానికి పెనుగులాడుతున్న చిలుకను చూసి ఒక దయగల మనిషి కత్తెరతో గూడు చీల్చాడట. చిలుక బయటపడింది గాని రెక్కలు విచ్చుకోలేదట. అందుచేత కష్టం మేలు చేస్తుంది, ఎవరికీ సాయం చేయకూడదు అని నీతి. ఈ నీతిని ఎవరికి చెబుతున్నామో ఒక్కసారి ఆలోచించాలి. వానలు లేక, పని లేక, మూటాముల్లె సర్దుకుని దూరపు నగరాలకు వలసపోయిన కుటుంబాలున్న నేల ఇది. పాలమూరు లేబరు అన్న పేరు ఎన్ని డ్యాముల పునాదుల్లో, ఎన్ని నగరాల కట్టడాల్లో కలిసి ఉందో ఇక్కడి వాళ్లకు తెలుసు. మీరు గూటిలో ఉన్నారు, ఓర్చుకోండి, రెక్కలొస్తాయి అని వాళ్లతో అనడం ఓదార్పు కాదు, గాయం మీద కారం. అసలు కీటకం కూడా ఆ మాట చెప్పడం లేదు. పట్టుచిలుక గూట్లోంచి గుద్దుకుని బయటికి రాదు. నోటి దగ్గర నుంచి ఒక ద్రవం వదిలి, అందులోని ఎంజైమ్‌తో గూటి కొసను మెత్తపరచుకుని, పోగుల్ని పక్కకు జరుపుకుని వస్తుంది. బయటికొచ్చాక ఏ ఆసరానో పట్టుకుని వేలాడుతూ, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల ఈనెల్లోకి పంపి వాటిని విప్పుకుంటుంది. దానికి కావలసింది మెత్తబడే గోడ, పట్టుకోవడానికి ఒక కొమ్మ, అడ్డులేని కాస్త చోటు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి గూడు కట్టకముందు జరుగుతుంది. పురుగు ఎప్పుడు మారాలో ఏది నిర్ణయిస్తుంది? ఒంట్లో రెండు హార్మోన్లున్నాయి. ఒకటి చర్మం విడిపించేది. దీన్ని మొదటిసారి శుద్ధంగా వేరుచేసింది 1954లో, జర్మనీలో, బ్యూటెనాంట్, కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞులు. 500 కిలోల పట్టుపురుగు కోశాల్ని వాడితే వాళ్లకు దక్కింది 25 మిల్లీగ్రాములు. రెండోది పురుగును పురుగుగానే ఉంచే బాల్య హార్మోను. అది ఒంట్లో ఉన్నంతకాలం ఎన్నిసార్లు చర్మం విడిచినా పురుగు పెద్ద పురుగే అవుతుంది. అది తగ్గాకే గూటి దశ మొదలవుతుంది. అది ఎప్పుడు తగ్గుతుంది? పొగాకు మొక్కను తినే ఒక పెద్ద పురుగు మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఇది: ఒంటి బరువు ఒక హద్దు దాటాకే ఆ మార్పుకు దారి తెరుచుకుంటుంది. హద్దు దాటకముందు మేత ఆపేస్తే మార్పు వాయిదా పడుతుంది. కష్టం పెడితే మారడం కాదు, కడుపు నిండితే మారడం. ముందు ఆకు, తర్వాత గూడు. పిల్లవాడికి అన్నం, బడి, పుస్తకం, కాస్త తీరిక ఇవ్వకుండా ఎదగమని చెప్పే సమాజం ఆకు వేయకుండా పట్టు అడిగే రైతు లాంటిది. అలాంటి రైతు ఎక్కడా లేడు.

మన సంప్రదాయంలోనూ రూపాంతరం మీద ఒక గొప్ప పోలిక ఉంది. భ్రమరకీటక న్యాయం. మట్టిగూడు కట్టిన కందిరీగ ఒక పురుగును తెచ్చి అందులో పెడుతుంది, దాని చుట్టూ ఝంకారం చేస్తుంది, ఆ ధ్యానంలోనే పురుగు తానూ కందిరీగ అయిపోతుంది. శిష్యుడు గురువును తలచి తలచి గురువంతటివాడవుతాడని, జీవుడు దేవుణ్ని తలచి దేవుడవుతాడని చెప్పడానికి పెద్దలు దీన్ని వాడారు. కళ్లతో చూసిందే చెప్పారు. పురుగు లోపలికి పోవడం చూశారు, కొన్నాళ్లకు కందిరీగ బయటికి రావడం చూశారు. మధ్యలో జరిగింది కనిపించలేదు. జరిగేది ఇది: కందిరీగ ఆ పురుగును కుట్టి కదలకుండా చేసి, తన గుడ్డు ఉండే గూట్లో పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన కందిరీగ పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. బయటికొచ్చేది ఆ పిల్లే. లోపల పెట్టిన పురుగు ఏమీ కాలేదు, మేత అయింది.

పోలికకు శాస్త్రం కొలబద్ద ఎందుకు, భావం చాలదా అని పెద్దలు అడగవచ్చు. భక్తికి ఆ భావం చాలు, దాని జోలికి నేను పోను. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోలిక మన చేతల్ని నడిపిస్తుంది. తనలాగే తయారుకావాలని శిష్యుణ్ని గూట్లో పెట్టి ఝంకారం చేసే గురువు, తెలియకుండానే, పిల్లవాడి ప్రాణం తిని తన రూపాన్ని బయటికి తెచ్చుకుంటాడు. ఇక్కడ ఒక నేతగాడు నన్ను ఆపి అడగవచ్చు: మగ్గం పని చూసి నేర్చుకునేదే కదా, తండ్రి పక్కన కూర్చుని నాడె ఎలా వేస్తే అలా వేసి నేర్చుకుంటాం, అనుకరణ లేకుండా విద్య ఉందా? లేదు. అనుకరణ ఆకు లాంటిది, తినాలి, అదీ ఆబగా తినాలి. అయితే రెక్కలు ఆకులోంచి రావు. 17వ శతాబ్దంలోనే డచ్చి పరిశోధకుడు స్వామర్‌డామ్ గూటికి సిద్ధమైన పురుగు చర్మం విప్పి, లోపల మడతపెట్టి ఉన్న రెక్కల్ని చూపించాడు. చిలుక కాళ్లకూ రెక్కలకూ కావలసిన చిన్న చిన్న కణాల మొగ్గలు పురుగు ఒంట్లోనే ఉంటాయని ఆ తర్వాతి శాస్త్రం చెప్పింది. గూటిలో పాత కండరాలు చాలావరకు కరిగిపోతాయి, ఆ పోషణతో ఈ మొగ్గలు విచ్చుకుంటాయి. అంతా కరిగి వట్టి రసమైపోతుందని కొందరు చెప్పేది అతిశయోక్తి. 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పురుగులకు ఒక వాసనను, దానితోపాటు చిన్న విద్యుత్ తాకిడిని అలవాటు చేశారు. గూటి దశ దాటి చిలుకలైన తర్వాత కూడా అవి ఆ వాసనను తప్పించుకున్నాయి. అందులోనూ చివరి దశలో నేర్పిన పురుగులకే ఆ జ్ఞాపకం మిగిలింది, చిన్నప్పుడు నేర్పినవాటికి మిగలలేదు. పురుగు నేర్చిన పాఠాన్ని చిలుక మోసుకుపోయిందన్న మాట.

ఇవన్నీ సరే, పొలంలో పురుగును చూసి రైతు గుండె ఆగిపోతుంటే మీరు దాన్ని నెత్తిన పెట్టుకోమంటారా అన్న ప్రశ్నకూ జవాబు చెప్పాలి. వేరుశనగ, ఆముదం వేసే మెట్టపొలాల్లో ఎర్రగొంగళి పురుగు అంటే ఏమిటో వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతుకు తెలుసు. గుంపులుగా కదిలి ఒక చేను ఊడ్చి ఇంకో చేలోకి పోతుంది. ఆముదం ఆకుల్ని ఈనెలు మిగిల్చి తినేసే దాసరి పురుగు ఇంకొకటి. ఈ రైతును మించి రూపాంతరాన్ని శ్రద్ధగా చూసినవాళ్లు లేరంటాను. ఎర్రగొంగళి పురుగు పొలం గట్ల మీద, చెట్ల నీడన మట్టిలోకి దూరి కోశంగా మారి నెలల తరబడి నిద్రపోతుందని, తొలకరి వాన నేలను తడిపితే రెక్కల పురుగై లేస్తుందని అతనికి తెలుసు. అందుకే వేసవిలో దుక్కి దున్ని కోశాల్ని ఎండకూ పిట్టలకూ అప్పగిస్తాడు. తొలి వానలు పడ్డ రాత్రులు చేల గట్ల మీద మంటలు వేసి రెక్కల పురుగుల్ని రప్పిస్తాడు. చేను చుట్టూ కందకం తీసి పాకే పురుగును ఆపుతాడు. నాలుగు దశల్లో ఏ దశ ఎక్కడ బలహీనమో తెలిసిన చూపు అది. పురుగును ప్రేమించమని నేను అడగడం లేదు. రైతు చూసినట్టు చూడమంటున్నాను. అందమైన దశను ఒక్కదాన్నే ఏరుకోకుండా, గుడ్డునూ పురుగునూ మట్టిలోని కోశాన్నీ రెక్కల్నీ ఒకే బతుకుగా చూడటం.

ఇలా చూసిన చిత్రకారిణి ఒకరున్నారు. మరియా సిబిల్లా మెరియన్, 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. 1660లో, పదమూడేళ్ల వయసులో, పట్టుపురుగులు పెంచుతూ ఆమె పరిశీలన మొదలైంది. 1679లో గొంగళి పురుగుల మీద తొలి పుస్తకం వేసింది. 52 ఏళ్ల వయసులో, 1699లో, కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడ ఎక్కింది. ఆ ప్రయాణంలోంచి వచ్చిన పుస్తకం 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. కీటకాలు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్ముతున్న కాలం అది. అప్పటి సేకరణకారులు చిలుకల్ని సూదులు గుచ్చి పెట్టెల్లో వరుసగా పెట్టుకునేవారు. మెరియన్ ఒకే కాగితం మీద మొక్కను గీసి, ఆ మొక్క మీదే పురుగునూ కోశాన్నీ చిలుకనూ గీసింది. కొరికిన ఆకుల చిల్లుల్ని కూడా వదలలేదు. చిత్రకళకు రూపాంతరం ఇచ్చిన అసలు కానుక ఇదని నా అభిప్రాయం: కాలాన్ని ఒకే చూపులో పట్టే పద్ధతి. రంగుల రెక్కలు ఎవరైనా గీస్తారు. చిల్లులు పడ్డ ఆకును అందంగా గీయాలంటే ఆకలి మీద గౌరవం ఉండాలి.

మన గద్వాల చీరలో హంస ఉంది, మామిడి పిందె ఉంది, కోటకొమ్మ అంచు ఉంది. పురుగు బొమ్మ నేసిన దాఖలా నాకు కనిపించలేదు. నేతగాళ్లు పురుగును చూసి ఏదో నేర్చుకున్నారని కట్టుకథ అల్లడం నాకు ఇష్టం లేదు. కాకపోతే ఆ నేతలో ఒక చోటు ఉంది, దాన్ని కుట్టు అంటారు. పేరు కుట్టు అయినా సూదితో కుట్టింది కాదు. ఒళ్లు నేసే నూలు పేకను, అంటే అడ్డపోగును, ఒక నాడె తెస్తుంది, రెండు వైపులా అంచులకు పట్టు పేకను వేరే నాడెలు తెస్తాయి. అవి కలిసే చోట ప్రతి వరుసలోనూ నూలు పోగు పట్టు పోగును మెలేసి వెనక్కి తిరుగుతుంది. ఒక నాడెతో ఇటు నుంచి అటు దాకా వేసేస్తే పని సగంలో తేలిపోయేది. గద్వాలలోనూ, రాజోలి, అయిజల్లోనూ, వనపర్తి జిల్లా అమరచింత, కొత్తకోటల్లోనూ మగ్గాల దగ్గరికి పోయినవాళ్లకు ఆ పని ఎంత నిదానమో తెలుసు. చెట్టు కాయ పగిలి వచ్చిన నూలు, పురుగు నోట్లోంచి వచ్చిన పట్టు, రెండూ తమ తమ గుణం మార్చుకోకుండా ఆ గీత దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి.

ఈసారి గద్వాల చీర చేతికొచ్చినప్పుడు కొంగు విప్పి జరీ చూడటానికి ముందు, ఒళ్లూ అంచూ కలిసే ఆ గీతను తిరగేసి చూడండి. గోటితో నెమ్మదిగా తడిమితే సన్నని గట్టు లాంటిది తగులుతుంది. ఒక్కో వరుసకు ఒక్కో మెలి. దానికి ఇటు పక్క ఎండలో పండిన పత్తి. అటు పక్క నాలుగు జ్వరాలు దాటిన పురుగు తీసిన పోగు.